పాతదానికి మెరుగులా.. కొత్తదే మేలా?

* ఆటల కంప్యూటరుపై ఖర్చుకు ముందు లెక్క తప్పనిసరి
* వయసు ఒకటే అయినా అన్ని యంత్రాల దారీ ఒకటి కాదు
* ర్యామ్ ధరల మంటతో తారుమారైన అంచనాలు

ఇంజినీరింగ్ సీటు వచ్చిందన్న సంతోషంతో 2017, 2018 సంవత్సరాల్లో పిల్లలకు కొనిచ్చిన కంప్యూటర్లు నేడు అనేక ఇళ్లలో ముసలివయ్యాయి. పాఠాలకు, ఉత్తరప్రత్యుత్తరాలకు వాటితో ఇబ్బంది లేదు. కొత్తగా వచ్చిన ఆట తెరిస్తేనే చిక్కు. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. పెట్టెలోని ఫ్యాన్ హోరెత్తుతుంది. కొన్ని ఆటలైతే అసలు మొదలే కావు. వీటికి తోడు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించింది. దీంతో ఉన్నదానికే కొన్ని భాగాలు మార్చి నడిపించాలా, లేక కొత్తది కట్టించుకోవాలా అన్న చర్చ ఇళ్లలో మొదలైంది.

చిన్న ఉద్యోగికి, ఓ మోస్తరు రైతుకు ఇది తేలికైన ఖర్చు కాదు. తొందరపడి గ్రాఫిక్స్ కార్డు కొంటారు. అది పాత ప్రాసెసర్‌తో పొసగదు. ప్రాసెసర్ మారుద్దామంటే బోర్డు మారాలంటారు. బోర్డు మారితే ర్యామ్ పనికిరాదంటారు. ఇలా విడతలవారీగా పెట్టిన సొమ్ము చివరకు కొత్త యంత్రం ధరను దాటిపోతుంది, చేతిలో మిగిలేది మాత్రం అతుకుల బొంత. ఈ తిప్పలు తప్పాలంటే ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. యంత్రానికి ఎన్నేళ్లు నిండాయన్నది ముఖ్యం కాదు. అందులోని మదర్‌బోర్డు ఇంకా ఎంత దూరం తీసుకువెళ్లగలదన్నదే ముఖ్యం.

అడ్డు ఎక్కడుంది?

కాడికి ఒకవైపు కోడెను, మరోవైపు ముసలి ఎద్దును కడితే నాగలి ముసలి ఎద్దు నడకనే సాగుతుంది. కంప్యూటరులోనూ అంతే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, డిస్కులలో ఏది వెనుకబడితే ఆట వేగం దానికే కట్టుబడి ఉంటుంది. ఆ వెనుకబడిన భాగమేదో కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఆట నడుస్తుండగా విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి పనితీరు చూపే పేజీని గమనించాలి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైన నిలకడగా ఉంటే లోపం కార్డుదే. కార్డు సగం సగంగా పనిచేస్తూ ప్రాసెసర్ మాత్రం నిండుగా కనిపిస్తే ప్రాసెసర్‌దే లోపం. ర్యామ్ నిండిపోయి డిస్కు వంద శాతం చూపుతుంటే ఆ రెండింటిని అనుమానించాలి. ఇంకో తేలిక పరీక్షా ఉంది. ఆటలో చిత్ర పరిమాణాన్ని ఒక మెట్టు తగ్గించి చూడాలి. వెంటనే వేగం పుంజుకుంటే భారం కార్డుపై ఉన్నట్టు. ఎంత తగ్గించినా మార్పు లేకపోతే ప్రాసెసర్ అలసిపోయినట్టు.

దీనికన్నా ముందు చేయవలసిన పని మరొకటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మును బ్లోయర్‌తో ఊదించి, ప్రాసెసర్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్పించాలి. వేడి పెరిగితే ప్రాసెసర్, కార్డు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. వేసవిలో మేడ మీది గదుల్లో ఉండే కంప్యూటర్ల నత్తనడకకు చాలాసార్లు ఇదే కారణం. కొద్దిపాటి ఖర్చుతో పోయే జబ్బుకు పెద్ద శస్త్రచికిత్స అవసరం లేదు.

ఒకే వయసు.. రెండు దారులు

దాదాపు ఒకే కాలంలో కొన్న రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే మదర్‌బోర్డు ప్రాధాన్యం ఇట్టే అర్థమవుతుంది. మొదటిది ఇంటెల్ ఏడో తరానికి చెందిన కోర్ ఐ5-7400 ప్రాసెసర్ ఉన్నది. రెండోది ఏఎండీ రైజెన్ 5 2600 ఉన్నది. రెండింటిలోనూ 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, ఒక టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయనుకుందాం.

ఐ5-7400 విడుదలైంది 2017 జనవరిలో. అందులో నాలుగు కోర్లు మాత్రమే ఉన్నాయి. దాని బోర్డులో పట్టే మేలైన ప్రాసెసర్లు కూడా అదే తరంలోని ఐ7 రకాలే. అవీ నాలుగు కోర్లవే. అదే ఏడాది అక్టోబరులో ఎనిమిదో తరం ప్రాసెసర్లు వచ్చాయి. సాకెట్ ఆకారం పైకి ఒకటే అయినా అవి పాత బోర్డులపై పనిచేయకుండా ఇంటెల్ కొత్త చిప్‌సెట్లను తప్పనిసరి చేసింది. పైగా విండోస్ 11 అధికారిక అర్హత ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. ఏడో తరంలో అతికొద్ది రకాలకే మినహాయింపు ఉండగా ఐ5-7400 ఆ జాబితాలో లేదు. అంటే ఆ బోర్డు దారి అక్కడితో ముగిసినట్టే.

రైజెన్ 5 2600 విడుదలైంది 2018 ఏప్రిల్‌లో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు దాని సొంతం. విండోస్ 11 అర్హత జాబితాలోనూ ఉంది. బయోస్‌లో టీపీఎంను చేతనం చేసుకుంటే చాలు. అన్నిటికంటే ముఖ్యమైనది దాని ఏఎం4 సాకెట్. 2017లో వచ్చిన ప్రాసెసర్లకు వాడిన ఈ సాకెట్‌లోనే 2022లో వచ్చిన రైజెన్ 5 5600, రైజెన్ 7 5700ఎక్స్ కూడా పడతాయి. బీ450 బోర్డు ఉన్నవారు బయోస్‌ను తాజా చేసుకుని ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే యంత్రానికి మరికొన్నేళ్ల ఆయుష్షు వచ్చినట్టే. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ అన్నీ ఉన్నచోటే ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బయోస్ తాజా అవుతుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదముంది. యూపీఎస్ లేకుండా ఆ పనికి పూనుకోరాదు. కొత్త ప్రాసెసర్ బిగించాక చేద్దామనుకుంటే పాత బయోస్ దానిని గుర్తించదు. కనుక పాత ప్రాసెసర్ ఉండగానే ఈ పని పూర్తి చేసుకోవాలి.

మూడూ కలిసే మారతాయి

మొదటి యంత్రం వంటివాటిలో బోర్డు మారక తప్పదు. బోర్డు మారితే ప్రాసెసర్ మారుతుంది. చాలాసార్లు ర్యామూ మారుతుంది. ఈ మూడూ కలిసి మారే స్థితి వస్తే దానిని మెరుగుదల అనుకోవడం కన్నా కొత్త యంత్రంగానే లెక్కించుకోవడం మంచిది. అప్పుడు ప్రశ్న తిరగబడుతుంది. ఏమేమి మార్చాలన్నది కాక, పాతదానిలో ఏమేమి మిగుల్చుకోవచ్చన్నది చూసుకోవాలి. మానిటర్, కీబోర్డు, మౌస్, క్యాబినెట్, ఎస్ఎస్‌డీ, మంచి స్థితిలోని హార్డ్‌డిస్క్ నిక్షేపంగా కొత్తదానిలోకి వస్తాయి. పాత గ్రాఫిక్స్ కార్డును కూడా కొన్ని నెలలు అందులోనే వాడుకుని, డబ్బు సమకూరాక మార్చుకోవచ్చు.

చాలామంది మరచిపోయే ఖర్చు విండోస్ లైసెన్సుది. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది. బోర్డు మారితే అది చెల్లదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మాత్రం కొత్త యంత్రానికి మార్చుకోవచ్చు. ఏ రకం లైసెన్సు ఉందో ముందే తెలుసుకుని ఆ మొత్తాన్నీ లెక్కలో కలుపుకోవాలి.

ర్యామ్ ధరల దెబ్బ

కొన్నేళ్ల కిందటి వరకు ఇలాంటి సందేహం వస్తే కొత్తది కొనుక్కోమన్న సలహా తేలిగ్గా వినిపించేది. 2025 చివరి నెలల్లో పరిస్థితి మారింది. కృత్రిమ మేధకు అవసరమైన భారీ డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలకు రెక్కలు వచ్చాయి. డీడీఆర్5 ర్యామ్ ధరలు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటాయి. మెమరీ తయారీలో పేరున్న మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండ్ సరుకును సాధారణ వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది.

2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎండీ ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే సరిపడుతుంది. ఇంటెల్ 2024 అక్టోబరులో తెచ్చిన కోర్ అల్ట్రా డెస్క్‌టాప్ ప్రాసెసర్లదీ అదే తీరు. అంటే పూర్తిగా కొత్త తరానికి వెళ్లేవారు ర్యామ్ భారాన్ని మోయక తప్పదు. మరోవైపు పాత పెట్టెలో ఉన్న డీడీఆర్4 ర్యామ్‌కు విలువ పెరిగింది. దానిని పారవేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఇటువంటి వారికి నడిమి దారి ఒకటుంది. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు పట్టే బోర్డులలో డీడీఆర్4 రకాలూ తయారయ్యాయి. హెచ్610, బీ660, బీ760 చిప్‌సెట్లతో ఇవి వచ్చాయి. ఏడో తరం యంత్రం ఉన్నవారు ఇలాంటి బోర్డు తీసుకుని, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్ల ఐ3-12100ఎఫ్ గాని, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్ల ఐ5-12400ఎఫ్ గాని బిగించుకుంటే పాత ర్యామే సరిపోతుంది. విండోస్ 11 చిక్కూ తీరుతుంది. కొనేటప్పుడు బోర్డు పెట్టెపై డీడీఆర్4 అని ఉందో లేదో చూసుకోవాలి. అదే చిప్‌సెట్‌తో డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, ఒకదాని ర్యామ్ మరొకదానిలో దూరదు. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేనిదే తెరపై బొమ్మ రాదు.

ఈ దారికి ఒక పరిమితి ఉంది. ఆ సాకెట్ కథ 14వ తరంతో ముగిసింది. ఏఎం5 సాకెట్‌ను 2027, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ 2024లో ప్రకటించింది. నాలుగైదేళ్లు నడిస్తే చాలనుకునేవారికి నడిమి దారి అనువు. పదేళ్లపాటు భాగాలు మార్చుకుంటూ పోవాలనుకునేవారికి ఏఎం5 మేలు.

కార్డుకు కాలం చెల్లిందా?

జీటీఎక్స్ 1050 టీఐ, 1060 వంటి కార్డులు 2016లో వచ్చినవి. ఆ తరం కార్డులకు కొత్త ఆటలకు తగిన డ్రైవర్లను అందించడం ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ముగించింది. భద్రతకు సంబంధించిన మార్పులు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామంది. పాత ఆటలు యథావిధిగా నడుస్తాయి. కొత్తవాటితోనే పేచీ. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మే నెలలో వచ్చిన డూమ్ డార్క్ ఏజెస్ ఆట రే ట్రేసింగ్ సామర్థ్యం కార్డులోనే ఉండాలంటాయి. జీటీఎక్స్ కార్డులతో వాటిని ఆడటం కుదరదు.

విండోస్ 11పై వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండాలి. 2025 అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా వీటిని అడుగుతుంది. ఇక్కడ ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ప్రయోజనం లేదు, అడ్డు బోర్డు దగ్గర ఉంది. అందుకే ఏ ఆట కోసం ఖర్చు పెడుతున్నారో ముందు తేల్చుకోవాలి. ఆడేవి పాత ఆటలే అయితే ఎస్ఎస్‌డీ, మరో 8 జీబీ ర్యామ్‌తోనే సమస్య తీరవచ్చు. ఒకే ర్యామ్ ముక్క ఉన్న యంత్రానికి రెండోది జతచేస్తే నిల్వతో పాటు వేగమూ పెరుగుతుంది. సైబర్‌పంక్ 2077 వంటి ఆటలు 2023 నుంచి ఎస్ఎస్‌డీనే కనీస అర్హతగా పేర్కొంటున్నాయి.

కొత్త కార్డును పాత బోర్డులో పెట్టేటప్పుడు మరో సంగతి గమనించాలి. ఆర్‌టీఎక్స్ 4060, 5060 కార్డులు ఎనిమిది లేన్లతోనే బోర్డుతో మాట్లాడతాయి. పాత పీసీఐఈ 3.0 బోర్డులపై వాటి వేగం కొంత తగ్గుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలి. అది లేని యంత్రంలో వాటి సత్తా బాగా పడిపోతుంది.

కరెంటుతో చెలగాటం వద్దు

పెట్టె కొన్నప్పుడు ఉచితంగా వచ్చినట్టుండే ఎస్ఎంపీఎస్‌ను ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చౌక ఎస్ఎంపీఎస్‌లపై 450 వాట్లని ముద్ర ఉన్నా అంత భారాన్ని నిలకడగా మోయలేనివి అనేకం. జీటీఎక్స్ 1050 టీఐ రకాల్లో చాలావరకు బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి. దాని స్థానంలో 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060 పెడితే విడిగా కేబుల్ కావాలి. మొత్తం యంత్రానికి 550 వాట్ల సరఫరా ఉండాలని తయారీ సంస్థే సూచిస్తోంది. పాత ఎస్ఎంపీఎస్‌తోనే సరిపెట్టబోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమవుతుంది. అది కాలిపోతూ బోర్డును, కార్డును వెంట తీసుకుపోవచ్చు.

వోల్టేజీ హెచ్చుతగ్గులుండే ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 80 ప్లస్ గుర్తింపు, పేరున్న సంస్థ వారంటీ ఉన్న ఎస్ఎంపీఎస్‌కే మొగ్గు చూపాలి. ఇంటి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తాయి. కొత్త కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి అంతకు మించితే కరెంటు పోయిన క్షణమే యంత్రమూ ఆగిపోతుంది. ఎస్ఎంపీఎస్ మార్చే స్థోమత లేనివారికి 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 వంటి 70 వాట్ల కార్డులున్నాయి. వాటిలో అధిక రకాలకు విడి కేబుల్ అక్కరలేదు.

సగం లెక్క

కాగితంపై రెండు వరుసలు గీయాలి. మొదటి వరుసలో మార్చవలసిన భాగాల ధరలన్నీ రాయాలి. ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ, లైసెన్సు, బిగింపు కూలి వంటివి వదలరాదు. రెండో వరుసలో అదే పని చేయగల కొత్త యంత్రం ధర రాసి, అందులోకి వచ్చే పాత భాగాల విలువను, పాత యంత్రం అమ్మితే వచ్చే మొత్తాన్ని తీసివేయాలి. మొదటి మొత్తం రెండోదానిలో సగానికి లోబడి ఉంటే మెరుగులు దిద్దించడమే లాభం. సగం దాటితే కొత్తదానికే మొగ్గాలి. ఇది శిలాశాసనం కాదు, తొందరపాటును ఆపే కొలబద్ద.

కంప్యూటర్ విడిభాగాలపై జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న మాటకు లొంగితే వారంటీ అడిగే హక్కు చిక్కుల్లో పడుతుంది. ఊళ్లోని దుకాణంతో పాటు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి పెద్ద మార్కెట్లలోని ధరలను, ఆన్‌లైన్ ధరలను పోల్చుకోవాలి. నూటికి మూడు, నాలుగు రూపాయల తేడాయే ఉంటే ఊళ్లో కొనడమే నయం. పాడైన కార్డును చేతపట్టుకుని నగరానికి తిరిగే ఖర్చు తప్పుతుంది.

వాడిన కార్డులు చవగ్గా దొరుకుతాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం క్రిప్టో కరెన్సీ మైనింగ్ విధానం నుంచి తప్పుకున్నాక, రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు గుట్టలుగా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి. అరగంటైనా ఆట నడిపించి, వేడిని, ఫ్యాన్ శబ్దాన్ని, తెరపై చారలు వస్తున్నాయేమో గమనించాకే డబ్బు ఇవ్వాలి. సీరియల్ నంబరు చెరిగిపోయినదాన్ని ముట్టుకోరాదు.

ఏది ఎవరికి?

* బోర్డు ఏఎం4 అయితే: ప్రాసెసర్, అవసరమైతే కార్డు మార్చుకుంటే చాలు. కొత్తది అక్కరలేదు.
* ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందువైతే: బోర్డుపై ఇక రూపాయి పెట్టరాదు. డీడీఆర్4 ర్యామ్ ఉంటే నడిమి దారి, డీడీఆర్3 అయితే పూర్తిగా కొత్తది.
* ఇంటెల్ ఎనిమిది, తొమ్మిది తరాలైతే: విండోస్ 11 పడుతుంది. ప్రాసెసర్ ఆరు కోర్లదైతే కార్డు, ఎస్ఎస్‌డీ మార్చి మరికొంత కాలం నెట్టుకురావచ్చు.
* పాత ఆటలు, చదువు మాత్రమే అయితే: శుభ్రం చేయించి, ఎస్ఎస్‌డీ, ర్యామ్ జతచేస్తే సరి.
* ల్యాప్‌టాప్ అయితే: సాధారణంగా ర్యామ్, ఎస్ఎస్‌డీ తప్ప మార్చుకునేందుకు వీలుండదు. కొన్నింటిలో ర్యామ్ కూడా బోర్డుకే అతికి ఉంటుంది.

పక్కన పెట్టిన యంత్రాన్ని మూలన పడేయనవసరం లేదు. కార్డు తీసేసి, సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో లినక్స్ వేసుకుంటే ఇంట్లోని చిన్నపిల్లల చదువుకు పనికొస్తుంది. అమ్మదలిస్తే డిస్కులోని ఫొటోలు, బ్యాంకు వివరాలు పూర్తిగా తుడిచివేశాకే ఇవ్వాలి. బొత్తిగా పనికిరానివాటిని పాత ఇనుప సామాను వారికి వేయకుండా అధీకృత రీసైక్లింగ్ కేంద్రాలకు చేర్చాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, వాడి పడేసిన పరికరాలను రీసైక్లింగ్ చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. రాగి కోసం బోర్డులను ఆరుబయట కాలిస్తే వెలువడే సీసం, ఇతర విషపదార్థాలు ఆ ఊరి గాలిలో, నేలలోనే మిగులుతాయి.